తెల్లదారం కుట్టిన బస్తాలు

రైల్లో కిటికీ పక్కన సీటు దొరికిందంటే నాకు నిద్రకూ మెలకువకూ తేడా ఉండదు. నా ఉద్యోగంలో సగం అలాగే గడిచింది. సాఫ్ట్‌వేర్ కంపెనీయే కానీ నేను ప్రోగ్రాములు రాయను. ఎవరికి ఏం కావాలో వెళ్ళి అడిగి, రాసేవాళ్ళకు అర్థమయ్యేలా కాగితం మీద పెడతాను. "అడగడానికి కూడా జీతమిస్తరా?" అని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

ఆ ఏడాది నా చేతిలో మూడు పనులు. మా జనగామలో పాల కేంద్రం, భూపాలపల్లిలో బొగ్గు లారీలు తిప్పే ట్రాన్స్‌పోర్టు, మహబూబాబాద్‌లో మిర్చి కోల్డ్ స్టోరేజీ. పాల కేంద్రంవాళ్ళు వెన్న శాతం గురించి గంటసేపు చెప్పేవాళ్ళు. లారీలవాళ్ళు నేను అడిగింది తప్ప అన్నీ చెప్పేవాళ్ళు. రైల్లో కునుకు పడితే అవన్నీ కలిసిపోయి, లారీల్లో పాలు పోస్తున్నట్టు, క్యాన్లలో మిరపకాయలు కూరుతున్నట్టు కలలొచ్చేవి. ఆ కలలంటే నాకు భలే ఇష్టం.

కోల్డ్ స్టోరేజీ లోపలికి వెళ్తే కల ఇంకా తెగలేదేమో అనిపించేది. బయట మాడు పగిలే ఎండ. తలుపు దాటగానే చలి, తెల్లటి ఆవిరి, మసక బల్బులు, పైకప్పు దాకా పేర్చిన బస్తాలు. ఘాటుకు కళ్ళలోంచి నీళ్ళు కారేవి. అక్కడి హమాలీల మేస్త్రీ నన్ను వెంటబెట్టుకుని వరసలన్నీ తిప్పాడు. ఇన్నింటిలో ఎవరి బస్తా ఏదో ఎట్లా తెలుస్తుందని అడిగాను.

"దారం జూస్త బిడ్డా," అన్నాడు. "తండాలోల్లు బస్త మూతి ఇంట్ల ఉన్న దారంతోటే కుడ్తరు. ఒక్కో ఇంటిది ఒక్కో తీరు. గిది సూడు, పచ్చ ఊలు దారం, రెండు పేటలు, కొసకు ముడి. గార్ల దిక్కు అవ్వది గిది."

బట్టల మీద కుట్టుపనికి వాడగా మిగిలిన ఊలు అది. వేలితో తాకి చూశాను, ముచ్చటేసింది, రాసుకున్నాను. ఆఫీసుకొచ్చి చివరి ప్రతి తయారుచేసేటప్పుడు మాత్రం ఆ వాక్యం కొట్టేశాను. ప్రతి బస్తాకూ నంబరు చీటీ ఉంటుంది, ఇక దారంతో పనేముంది? పైగా, గేటు దగ్గరే ఇంటి దారం తీసేసి బస్తాలన్నిటికీ మిషన్‌తో తెల్లదారం కుట్టాలనీ, చీటీ ఆ కుట్టులోనే పెట్టాలనీ రాశాను. అది రాసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మరుసటి ఎండాకాలం చివర్లో, పని ఎలా నడుస్తోందో చూడ్డానికి వెళ్ళాను. ఆ రోజే గార్ల దగ్గరి తండా నుంచి పచ్చదారం అవ్వ వచ్చింది. ఇంట్లో పెడితే పురుగు పడుతుందని ఏటా రెండు బస్తాల నాటు మిరపకాయ విత్తనానికని ఇక్కడే దాచి, వానలకు ముందు తీసుకెళ్తుందట. రెండు బస్తాలు బయటికొచ్చాయి. నంబర్లు సరిపోయాయి. అవ్వ మూతి విప్పి, ఒక కాయ విరిచి, గింజలు అరచేతిలో రాల్చుకుని చూసింది.

"గివి నాయి కావు," అంది.

యజమాని స్క్రీన్ చూశాడు. లోపలికి రెండు, బయటికి రెండు. నా సాఫ్ట్‌వేర్ లెక్కన ఏమీ పోలేదు. మేస్త్రీ వెళ్ళి నలుగురిని అడిగి వచ్చాక సంగతి తెలిసింది. చలి తేమకు కొన్ని చీటీలు చిరిగి కిందపడితే, హమాలీలు వాటిని ఏరి దగ్గరున్న బస్తాలకు గుచ్చారు. అవ్వ బస్తాలు వేరేవాళ్ళ సరుకుతో కలిసి నెల కిందటే కారం మిల్లుకు వెళ్ళిపోయాయి.

"దారం ఉంటే కండ్లు మూసుకోని చెప్పేటోన్ని," అన్నాడు మేస్త్రీ నా వైపు చూడకుండా.

వీటికి ఇంకో బస్తా కలిపి తీసుకెళ్ళమన్నాడు యజమాని.

"కాయ గాదు బాబూ, ఇత్తనం. మా అత్త నా చేతుల పెట్టింది. గీ సంకరం కాయల గింజలేస్తే ఏం మొలుస్తదో ఎవలికెరుక?"

తన దగ్గర్నుంచి విత్తనం పట్టుకెళ్ళిన చుట్టాలున్నారనీ, వాళ్ళను అడుగుతాననీ అవ్వ బయల్దేరింది. నేనూ వస్తానన్నాను.

గార్ల వెళ్ళే ప్యాసింజర్‌లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆ రోజు నాకు కునుకు పట్టలేదు.

"అవ్వా, తెల్లదారం కుట్టుమని రాసింది నేనే," అన్నాను.

ఆమె కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది.

"అందరిని అడిగినవట గదా. నన్నెందుకు అడగలే?"

యజమానిని అడిగాను, గుమస్తాను అడిగాను, మేస్త్రీని అడిగాను. దాచుకునేవాళ్ళను అడగాలని నాకసలు తోచలేదు. అదే చెప్పాను. తలూపింది. తిట్టి ఉంటే బాగుండేది.

మొదటి రెండు తండాల్లో అందరూ ప్యాకెట్ విత్తనాలకు మారిపోయారు. మూడో తండాలో అవ్వ సొంత చెల్లెలు ఉంది. ఆమె మీదే మా ఆశంతా. ఆమె దూలం మీది కుండ దించి బోర్లించింది. దుమ్ము తప్ప ఏమీ రాలలేదు. అక్కచెల్లెళ్ళు వాళ్ళ భాషలో కొంచెంసేపు మాట్లాడుకున్నారు. తర్వాత అవ్వ నాకోసం తెలుగులో చెప్పింది.

"అందరు నా దగ్గర ఉన్నయనుకున్నరట బిడ్డా. గందుకే ఎవలూ దాసుకోలే."

ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాం. మబ్బు పట్టి, నాలుగు చినుకులు పడ్డాయి. అవ్వ కొంగు నెత్తి మీద కప్పుకుంది.

"నారుమడి దున్ని పెట్టి అచ్చిన," అంది.