నోరు తెరవని ఆల్చిప్పలు

చచ్చిన ఆల్చిప్ప వాసన చేతికి పడితే సబ్బుకు పోదు. నిమ్మచెక్క రుద్దినా గోళ్ల సందుల్లో ఎక్కడో మిగిలి, అన్నం ముద్ద నోటి దాకా వచ్చాక తగులుతుంది. బెంగళూరు పక్కన అత్తిబెలెలో చేపలూ రొయ్యలూ నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో సరుకు మంచిదో కాదో చూసే ఉద్యోగం నాది. ఆ వాసనకు ఎప్పుడో అలవాటు పడ్డాను. నాకు ఇప్పటికీ కడుపులో తిప్పేది వేరే ఉంది.

ఒక ఏడాది వానలు తగ్గాక పడమటి తీరం నుంచి వచ్చిన ఆల్చిప్పలు తేడాగా ఉన్నాయి. ఆ రోజుల్లో సముద్రం లోతున ఉండే నీళ్లు ఒడ్డు దాకా ఎగదన్నుకొస్తాయి. వాటిలో ప్రాణవాయువు తక్కువ. చేపలు పారిపోతాయి. ఆల్చిప్ప ఎక్కడికి పోతుంది? చిప్ప బిగించుకుంటుంది. దాని గుండె నెమ్మదిస్తుంది. ఒంట్లో దాచుకున్న శక్తిని గాలి లేకుండానే కొంచెం కొంచెంగా ఖర్చు చేసుకుంటుంది. అలా బతికితే లోపల పులుపు పేరుకుంటుంది. ఆ పులుపును విరవడానికి తన చిప్పలోని సున్నాన్నే కరిగించుకుంటుంది. పైకి గట్టిగా మూసుకుని ఆరోగ్యంగా కనిపిస్తుంది, లోపల కండ చిక్కి నీళ్లోడుతుంటుంది. అంత నీరసంలో లారీ ఎక్కితే చాలామటుకు దారిలోనే చస్తాయి. చచ్చినది నోరు తెరవాలి. కానీ బస్తా బిగువుకూ పైనున్న మంచు బరువుకూ తెరవలేదు.

ఇదంతా నేను కాలేజీలో చదువుకున్నదే. నాలుగు చిప్పలు విప్పి చూసి, రెండు బస్తాల మీద ‘పారవేయాలి’ అని రాసింది నేనే.

ఆ ఆదివారం మా క్రైస్తవ సంఘంలో కోత పండుగ. పంటలో మొదటి భాగం తెచ్చి దేవుని ముందు పెట్టాలి. బ్రూక్‌ఫీల్డ్‌లో పొలాలున్నవాళ్లెవరు? కొందరు గుమ్మడికాయ కొని తెస్తారు, కొందరు బియ్యం. నేను ఆ రెండు బస్తాలూ స్కూటర్ మీద వేసుకుని వెళ్లాను. ఎలాగూ పారేసేవే, మూసుకునే ఉన్నాయి, సగమైనా బతికుండవా అనుకున్నాను. సంఘ పెద్ద నన్ను ముందుకు పిలిచి, ఈ తమ్ముడు సముద్రాన్నే మోసుకొచ్చాడని మెచ్చుకున్నారు. నేను తల వంచుకుని నవ్వాను.

ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమవిందుకు వండేది ఒక అక్క. పుట్టింది నెల్లూరు సముద్రపొడ్డున, పెళ్లయ్యాక చాలా ఏళ్లు కాటన్‌పేటలో ఉంది. భర్త పోయాక మా వైపు చిన్న గది తీసుకుని, ఆఫీసు పిల్లలకు క్యారియర్లు కట్టి బతికేది. ఆమె నన్ను పక్కకు పిలిచింది.

“ఉప్పునీళ్లలో ఏసి గంటయిండాదప్పా. ఒక్కటీ నోరు తెరవలా, ఇసక కక్కలా. పారేద్దాం. పప్పుండాది, చాలు.”

“మూసుకుందంటే బతికుందని అర్థమక్కా. నేను చదువుకున్నదే ఇది.”

“చదువుకున్నోడివి, కాదంటానా,” అని పొయ్యి ముట్టించింది.

వడ్డించేటప్పుడు మూత తీయగానే మసాలా కింద నుంచి ఆ వాసన నా ముక్కుకు తగిలింది. నాకు మాత్రమే తెలిసే వాసన. కడుపు బాగాలేదని చెప్పి పప్పన్నం పెట్టించుకున్నాను. పక్కనున్న ముసలాయన రెండోసారి కూర అడిగి వేయించుకుంటుంటే, చూస్తూ తిన్నాను.

సాయంత్రానికి సగం సంఘం వాంతులతో పడిపోయింది. ఆ ముసలాయన ఆసుపత్రిలో మూడు రోజులు సెలైన్ మీద ఉన్నాడు.

తర్వాతి ఆదివారం, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ నేను లేచి, దేవుడు నన్ను ఆ కీడు నుంచి తప్పించాడని చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్ తలచుకుంటే ఇప్పటికీ నోట్లో నీళ్లూరి వాంతి వచ్చేలా ఉంటుంది. ఆరాధన అయ్యాక పెద్దలు ఏం జరిగి ఉంటుందని నన్నే అడిగారు. కడగడంలో ఏదో లోపం జరిగి ఉంటుందన్నాను. ఆమె నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. చెంగు తల మీదికి సర్దుకుంది, అంతే.

విందు వంట వేరేవాళ్లకు పోయింది. మాట పాకి క్యారియర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆమె మందిరానికి రావడం మానేసింది.

నాలుగు నెలలు పట్టింది నాకు, ఆమె గది తలుపు తట్టడానికి. అమ్మడానికి కారప్పొడి దంచుతోంది. బస్తాల మీద నేను రాసిన మాటతో సహా అంతా చెప్పాను. రోకలి ఆగలేదు.

“ఆ పొద్దు నువ్వు తినలా. నేను చూసినా,” అంది.

“మరి ఎవరికీ చెప్పలేదేమక్కా?”

“నీ మాట ముందర నా మాట ఎవురు నమ్ముతారు? నాకు తెలిసిందే నాకు చెప్తావేమప్పా. తెలీనోళ్లకు చెప్పుపో.”

ఆ ఆదివారం మళ్లీ సాక్ష్యాల వేళ లేచాను. పారేయమని రాసిన సరుకే కానుకగా తెచ్చానని, వాసన తెలిసి నేను తినలేదని, తప్పు ఆమె మీదికి తోశానని చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. ముసలాయన నన్ను కాసేపు చూసి ముఖం తిప్పుకున్నాడు.

పెద్దలు వెళ్లి బతిమాలితే తర్వాతి కోత పండుగకు ఆమె వంటకు వచ్చింది. క్యారియర్లు మాత్రం అన్నీ తిరిగి రాలేదు. నేను ఆ ఏడు కొత్త బియ్యం బస్తా కొని తెచ్చాను. ఆమె బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు తీసి వాసన చూసింది. మిగతా ఎవరి బస్తానూ అలా చూడలేదు.

“ఆ మూల పెట్టు,” అంది.