ఓంకారం కింది వాక్యం

జహీరాబాద్ రామ్‌కిషన్ తాత పొద్దున్నే విభూతి రేఖలు దిద్దుకుని, "అందర్ల ఉన్నది ఒక్కటే ఆత్మ. మతం పేరు మీద కొట్లాడెటోళ్లు పిచ్చోళ్లు" అని చాయ్ చల్లారేదాకా చెబుతాడు. ఆపైన కళ్లజోడు వెతికే ఓపిక లేక, ఓంకారం బొమ్మ ఉన్న మెసేజీలన్నీ చదవకుండానే నలభై మందికి పంపుతాడు. మొన్న ఆ బొమ్మ కింద "ముస్లింల దుకాణాలకు పోవద్దు" అని ఉంది. అది ముప్పై ఏళ్లుగా ఆయన గడ్డం గీసే గౌస్‌కూ చేరింది.

"పటేలా, ఇగ మా దుకాన్‌కు రారా?" అని గౌస్ ఫోన్ చేశాడు. మనవరాలు ప్రణీత మెసేజీ చదివి వినిపించి, "గౌస్ చాచాల ఆత్మ లేదా తాతా?" అని గిల్లింది. తాత మాసిన గడ్డంతోనే బజారుకు నడిచి, గౌస్ దుకాణం గడపలో నిలబడి, "చదవకుంట పంపిన, గౌస్. తప్పయింది" అన్నాడు.

గౌస్ తువ్వాలు దులిపి, "కూసోండ్రి పటేలా" అన్నాడు. ఎదురుగా అద్దంలో తన నుదుటి విభూతి కనిపించగానే తాత కళ్లు మూసుకున్నాడు.