ట్రిపనోసోమ దిండు

ఆ రోజుల్లో చేవెళ్ల బస్సు ఎక్కిన ప్రతివాడూ కంప్యూటర్ కోర్సు గురించే మాట్లాడేవాడు. పక్క సీటు పెద్దమనిషి సైతం "ఏం చెప్తవు బిడ్డా కాలేజీల?" అని అడిగి, జువాలజీ అనగానే మా ఇంట్లో ఎవరో పోయినట్టు "అయ్యో" అనేవాడు. అలాంటి కాలంలో నేను అక్కడొక ప్రైవేటు కాలేజీలో జువాలజీ లెక్చరర్‌ని. నా ల్యాబ్ గదిని కంప్యూటర్లకు ఇచ్చేయాలని మా కరస్పాండెంట్ సారు ఉబలాటం. ఆయనది కనకమామిడిలో బర్రెలున్న కుటుంబం. "శుక్రవారం వచ్చి చూస్త. గా గది దేనికి పనికొస్తదో నాకు సమజయ్యేటట్టు చెప్పమ్మా, ఉంచుత" అన్నారు.

సరే, బర్రెలతోనే చెబుదామనుకున్నాను. వాటికి సర్రా రోగం తెచ్చే ట్రిపనోసోమ అనే ఏకకణ జీవి ఉంది. మైక్రోస్కోపులో తప్ప కనపడదు (మా మైక్రోస్కోపులో అసలే కనపడదు). సన్నని పొడుగాటి ఒళ్లు, దాని అంచు వెంబడి అతుక్కుని సాగే కశాభం, అంటే కొరడాలాంటి పోగు. దాన్ని నాలుగడుగుల గుడ్డబొమ్మగా కుట్టించాలని, అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లకు దిండ్లు కుట్టే మొయినాబాద్ టైలర్ అన్న దగ్గరికి వెళ్లాను.

అన్న నా కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ముందుగాల డోరీ కొలవాలె మేడం. అంచుకు కుట్టే గా తాడు ఎంతుంటే గుడ్డ అంతనే నిలుస్తది."

"అది డోరీ కాదన్నా, తోక. ఈదడానికి. ఒళ్లు కుట్టినంక మిగిలిన ముక్క అంటియ్యి, చాలు."

"ముడుసుకుంటది మేడం."

"ఎమ్మెస్సీ చదివింది నువ్వా, నేనా?"

"మీరే. గని దిండ్లు కుట్టేది నేను గదా."

(వాదనలో ఓడటం నాకు అప్పటికింకా అలవాటు కాలేదు. ఇప్పటికీ కాలేదనుకోండి.) చెప్పినట్టు కుట్టమన్నాను. కుట్టాడు.

శుక్రవారం తనే సంచిలో పెట్టుకుని మా ల్యాబ్‌కు తెచ్చాడు. తీసి బల్ల మీద పెడితే నాకు ఏడుపొక్కటే తక్కువ. పొట్టి డోరీ లాగేసరికి నా ట్రిపనోసోమ ముడతలు పడి ముద్దలా కూర్చుంది. సరిగ్గా అప్పుడే సారు లోపలికొచ్చారు. "ఏందమ్మా గిది? గుమ్మడికాయనా?"

నేను నోరు తెరిచేలోపు అన్న కత్తెరతో కుట్లు విప్పి, జేబులోంచి పొడుగు డోరీ తీశాడు (ముందే తెచ్చుకున్నాడు, చూడండి ఆ మనిషి ధీమా!). అంచు వెంబడి టాకాలు వేసుకుంటూ పోయాడు. డోరీ సాగినకొద్దీ ఒళ్లు సాగింది. డోరీ వంగిన చోట వంగింది. "చూడుండ్రి సార్, డోరీ పొట్టిగుంటే ఒళ్లు పొట్టి, పొడుగ్గుంటే పొడుగు. మేడం తోక అంటది గని, షేపంత దీనితోనే."

"మస్తు సమజైంది!" అన్నారు సారు. నా గది నిలబడిందనుకున్నాను. ఆయన వెళ్తూ అన్న భుజం మీద చెయ్యేసి, "మంచి పనోనివే. కంప్యూటర్ ల్యాబ్ కుర్చీలకు మెత్తలు నువ్వే కుట్టాలె" అన్నారు.

"ఏ ల్యాబ్ సార్?"

"గిదే అమ్మా. నాకు సమజైంది గని, పోరగాండ్లు దీనికోసం వస్తలేరు గదా."

సోమవారానికి నా గదిలో మానిటర్లు, వాటి ముందు డోరీ అంచు మెత్తలు. నేను బోటనీ వాళ్ల గదిలో ఓ మూల. చాలా ఏళ్ల తర్వాత, ఈ పరాన్నజీవుల్లో కశాభం ఉన్నది ఈదడానికి మాత్రమే కాదని, కణం పొడవునూ ఆకారాన్నీ తీర్చేది కూడా అదేనని, అది పొట్టిదైతే కణమూ పొట్టిదవుతుందని చదివి, పుస్తకం మూసి, అటక మీది ఆ గుడ్డబొమ్మను దించాను. ఆ ట్రిపనోసోమ ఇప్పుడు నా మంచం మీద దిండు. మధ్యాహ్నం నడుం వాలిస్తే దాని డోరీ చెంపకు గుచ్చుకుంటుంది. పొద్దున ఎవరితోనైనా వాదించి గెలిచిన రోజున కాస్త ఎక్కువే గుచ్చుకుంటుంది. అటు తిరిగి పడుకుంటాను కానీ, దిండు మాత్రం మార్చలేదు.