ఆదివారం చల్లగా ఉండే డబ్బా

తొంభైల చివర్లో మేం అల్వాల్ దాటాక శామీర్‌పేట దారిలో, కొత్తగా కట్టిన ఒక కాలనీలో పై వాటాలో అద్దెకుండేవాళ్లం. కింద ఇంటివాళ్లు ఉండేవారు. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తులు. ఇంటావిడను అక్కయ్యగారూ అనేవాణ్ని. ఆవిడ నన్ను తమ్ముడూ అనేది.

అంతకు ముందు ఏడాది కశ్మీర్ వెళ్లొచ్చిన మా పత్రికాఫీసు మిత్రుడొకడు లావెండర్ గింజల పొట్లం ఇచ్చాడు. అన్నీ చల్లితే ఒక్కటి మొలిచింది. మా ఆవిడ దాన్ని వంటింటి కిటికీలో పెట్టి, ఎండకు జరుపుతూ పెంచింది. చలికాలం పోయేముందు నాలుగు ఊదారంగు కంకులు వేసింది. వానల్లో వేరు కుళ్లి చచ్చిపోయింది. ఆ కంకుల నుంచి ఆమె రాల్చి దాచిన ముప్పై గింజలే మిగిలాయి.

నెలన్నర పాటు చలి తగిలితే బాగా మొలుస్తాయని మిత్రుడు ఈసారి చెప్పాడు. మాకు ఫ్రిజ్ లేదు. అక్కయ్యగారిని అడిగితే తనే ఒక స్టీలు డబ్బా ఇచ్చింది. గింజలను తడి ఇసుకలో కలిపి అందులో పోసి, ఆవిడకు అప్పగించాం. ఆదివారం నాకు సెలవు. తడి ఆరిందేమో చూడ్డానికి కిందికి వెళ్తే, ఫ్రిజ్‌లోంచి తీసి చేతిలో పెట్టేది.

"చూసుకోండి తమ్ముడూ, ఐసుముక్కలా ఉంది."

ఐదో వారం ఒక బుధవారం జ్వరం తగిలి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి పనికొచ్చే అవ్వ మెట్ల కింద ఊడుస్తోంది. పక్కకు తీసిపెట్టిన చెప్పుల మధ్య ఆ డబ్బా కనిపించింది. ఇదిక్కడెందుకుందని అడిగాను.

"అది ఎప్పుడూ గీడనే ఉంటది గద సారూ. ఐతారం పొద్దుగాల లోపల వెడ్తది అమ్మ. మీరు పైకి పోంగనే మల్ల గీడికే."

మూత తీస్తే బూజు వాసన. అక్కయ్యగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మట్టి కదా తమ్ముడూ, పాలూ పెరుగూ పక్కన... మొహమ్మీద వద్దనలేకపోయాను."

పత్రికలో ఎవరేం చెప్పినా రెండోసారి అడగందే రాసేవాణ్ని కాదు. ఈ డబ్బాను మాత్రం ప్రతివారం చేత్తో పట్టుకుని మరీ నమ్మాను.

డబ్బా పట్టుకుని పైకి వెళ్లాను. గడువు తీరిందని మా ఆవిడతో చెప్పి, ఇసుకతో సహా కుండీలో పోశాను. నలభై రోజులు చూశాం. తెల్లారగానే ఆమె కుండీ మీదికి వంగేది. చివరికి తప్పు తన మీదే వేసుకుంది.

"నేనే జల్దీ చేసిన. పచ్చిగున్నప్పుడే తెంపిన కావొచ్చు. అన్నీ తాలు గింజలే."

అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే కింది ఇంటికీ మాకూ మాటలు పోతాయని నోరు మెదపలేదు.

సాయం చేసినావిడ డబ్బాను ఖాళీగా ఎట్లా ఇస్తామని, మా ఆవిడ దాన్ని తోమి, కొబ్బరి లడ్డూలు చేసి నింపి నాకే ఇచ్చి పంపింది. అక్కయ్యగారు నా ముఖం చూడకుండా అందుకుంది. బయటుంటే పాడవుతాయంటూ వెంటనే ఫ్రిజ్ తెరిచి, డబ్బాను పెరుగు గిన్నె పక్కన పెట్టింది.