విజ్ఞాన సర్వస్వంలో ఒక పాటగత్తె

అరకు లోయలో నేను బడిపంతులుగా ఉన్న మూడేళ్లలో మన్యం జ్వరం నన్ను నాలుగుసార్లు మంచాన పడేసింది. దానిమీద నాకు కోపం లేదు. దోమకు చదువు రాదు. చదువు వచ్చిన నేను ఒక మనిషికి చేసిన అపకారం గుర్తొస్తే మాత్రం, ఇన్నేళ్ల తర్వాత కూడా నోరు చేదెక్కుతుంది.

చింతపల్లి వైపు దొరలమీద లేచిన పితూరీ అణిగి, మైదానం నుంచి బళ్లు మళ్లీ ఘాటీ ఎక్కుతున్న రోజులవి. మా బడి ఉన్న ఊళ్లో ఒకావిడ ఉండేది. పాతికేళ్లు ఉంటాయేమో. కొండవాలులో సామలూ చోళ్లూ పండించుకునే ఇల్లు వాళ్లది. పండగల్లో ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా థింసా ఆడతారు. ఆ వరసకు మొదట నిలబడి పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఎత్తుకున్న పాట ఈ వారం డుంబ్రిగుడ సంతలో వినిపిస్తే, పై వారానికి ఇంకో సంతకు పాకేది. చింతపండు కొనడానికి వచ్చే షావుకార్లు సైతం మాటలు అర్థం కాకపోయినా బండిమీద కూనిరాగం తీసుకుంటూ దిగిపోయేవారు. ఆ పేరంతా రెండేళ్లలో వచ్చిందే.

అప్పట్లో పట్నంలో కొందరు పెద్దలు తెలుగులో విజ్ఞాన సర్వస్వం ఒకటి వేస్తున్నారు. లోకంలోని సంగతులన్నీ అక్షరక్రమంలో పెట్టే పని. మన్యం సంగతులు రాసి పంపమని సంపాదకుడు నాకు ఉత్తరం రాశాడు. నేను పొంగిపోయాను. గడ్డలూ ఆకులూ దేవతలూ, తెలిసినవీ తెలియనివీ అన్నీ రాసి పంపాను. ఆ పాటగత్తె మీద విడిగా ఒక వ్యాసం ఉండాలని పట్టుబట్టాను కూడా.

నిన్న మొన్న పేరొచ్చిన వాళ్లను తొందరపడి ఎక్కించలేమని ఆయన జవాబు రాశాడు. ఆడేదైతే ఆటల కింద వేస్తారట. వట్టి పాడేదైతే కొండజాతుల కింద ఒక మాట చాలట. సొంతంగా పాటలు కట్టే మనిషైతేనే ఆమె పేరిట విడిగా వ్యాసం ఉంటుందట.

ఆమెను ఏమని రాయాలా అని వారం రోజులు కొట్టుకున్నాను. గాయని అంటే ఏ గురువు దగ్గర నేర్చుకుందని అడుగుతారు. ఆటకత్తె అంటే పట్నంలో ఇంకేదో అనుకుంటారు. పాటగత్తె అంటే చులకన. కవయిత్రి అన్నమాట ఒక్కటే నా కంటికి గౌరవంగా కనిపించింది. ఎందుకైనా మంచిదని బడి వదిలాక ఆమె పొలానికి వెళ్లాను. కలుపు తీస్తోంది.

"అమ్మీ, మొన్న విత్తనాల దగ్గర పాడావే, ఆ పాట నువ్వే కట్టావా?"

"కట్టడం ఏటి పంతులూ? ఊరి పాట అది."

"కిందటేడు లేదు కదా. మొదట నీ నోటే విన్నాను."

"నా నోట ఒచ్చింది. నాది కాదు. ఎవులూ కట్టనేదు. అలాగే రాయి."

పొగిడితే ముందు కాదు కాదనడం మా వైపు కవులకు మామూలే. ఆమెదీ ఆ బాపతు అణకువే అనుకుని, లోలోపల నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. 'ఈమె మన్యసీమయందలి నవీన కవయిత్రి. పాటలను తానే కట్టి పాడును' అని మొదలుపెట్టి నాలుగు వాక్యాలు రాశాను. సంపాదకుడు మెచ్చుకున్నాడు. ఆ నాలుగు వాక్యాలూ అచ్చులో దించిన ప్రూఫు కాగితం కూడా పంపాడు.

ఆ పై చైత్రంలో, విత్తనాలకు పూజ చేసే ఇటుకల పండగ వచ్చింది. ఊరంతా విత్తనాలు తెచ్చి దేవత ముందు పోశారు. కొండ ఊళ్ల శిస్తు వసూలు చేసే ముఠాదారూ, అడవి గార్డూ వచ్చి కూర్చున్నారు. ఇంతకంటే మంచి అదను దొరకదనుకుని, డప్పులు ఆపించి, నిలబడి ఆ నాలుగు వాక్యాలూ గొంతెత్తి చదివాను. అందరికీ తెలిసే మాటల్లో అర్థం కూడా చెప్పాను. చప్పట్లు కొడతారనుకున్న వెర్రివాణ్ణి.

ఊరి పెద్ద మెల్లగా ఆమె వైపు తిరిగాడు. "పాట నాదని నువ్వు సెప్పినావేటి?"

"నేను అననేదు," అంది ఆమె, నా వైపు చూసి.

"ఈ గుంట సెప్పిందా పంతులూ?" అని పెద్ద నన్నడిగాడు.

ముఠాదారు చూస్తున్నాడు. గార్డు చూస్తున్నాడు. అచ్చయిన కాగితంలో అబద్ధం రాశానని వాళ్ల ముందు ఒప్పుకోవడానికి నాకు నామోషీ అయింది. అవునన్నట్టు తలూపాను.

"నాదన్న పాట నాతోనే పోద్ది," అన్నాడు పెద్ద, ఎవరినీ తిట్టకుండా. "ఊరి పాట పోకూడదు. ఇత్తనం ముందు పాడే పాట నాదన్నోళ్లు రేపు ఇత్తనమూ నాదంటారు."

మళ్లీ డప్పులు మోగాయి. ఆమె ఎప్పటిలాగే వెళ్లి వరసకు మొదట నిలబడింది. పక్కనున్నావిడ ఆమె నడుము వెనక పెట్టాల్సిన చెయ్యి పెట్టలేదు. ఇవతలికి జరిగి వరస మొదట తానే నిలబడి పాట ఎత్తుకుంది. కాసేపు చేతులు వేలాడేసుకుని నిలబడి, ఆమె వెళ్లి ముసలివాళ్ల పక్కన కూర్చుంది. వెలివేయలేదు. ఊటనీళ్లు పట్టుకోనిచ్చారు, పెళ్లిళ్లకు పిలిచారు. వరసలో చెయ్యి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆమె పాట ఆగిపోయింది.

మర్నాడే వెళ్లి నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పుస్తకం వస్తే, అందులో పేరు చూసి అంతా సర్దుకుంటుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పిరికివాడికి సాకులకేం కరువు?

ఏడాది దాటాక పుస్తకం వచ్చింది. ఆత్రంగా తిప్పాను. ఆమె పేరు లేదు. ఎవరో పండితుడు అభ్యంతరం చెప్పాడని, చోటు చాలలేదని సంపాదకుడి చీటీ ఉంది. ఆ పుస్తకం పట్టుకుని ఊరి పెద్ద దగ్గరికి పరుగెత్తాను. ఆమె అనలేదనీ, అబద్ధం నాదేననీ, ఇదిగో పుస్తకంలో కూడా లేదనీ చెప్పాను.

ఆయన పుస్తకం ముట్టుకోలేదు. "ఆయమ్మి అననేదని ఆ రోజే సెప్పింది. నువ్వు తలూపినావు. పంతుల్ని నమ్మినాం," అన్నాడు. "పుస్తకంలో నేకపోతే ఏటి? మాకు సదువొచ్చా? నువ్వు సదివినావు, మేం ఇన్నాం. ఇన్నదాన్ని ఎలాగ తీసేత్తావు?"

ఆ వారం సంతలో ఆమె పసుపు కొమ్ములు పోసుకుని కూర్చుంది. నాకు బదిలీ అయిందని చెప్పాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఆమె నా చంకలో పుస్తకం చూసింది.

"అదేనా? మా మాట ఏటి రాసినారు? సదువు."

కొండజాతుల పేజీ తీశాను. ఉన్నది ఒక్క ముక్క. దాటేసి ఇంకేదైనా కల్పించి చదవొచ్చు, కాని ఆ పని ఒకసారి చేసి చూశాను. ఉన్నదున్నట్టు చదివాను: 'వీరికి పాటలు మెండు. కట్టినవారెవరును లేరు.'

ఆమె పసుపు కొమ్ముల మీది మట్టి దులుపుతూ విని, "నేను సెప్పిన మాటే గదా," అంది. "అలాగే రాయమన్నాను గదా పంతులూ."