బండ మీద కీబోర్డు

మా పెద్ద టీచరమ్మ పోయారన్న కబురు పొద్దున్నే ఫోనులో వచ్చింది. చేసింది బేతంచెర్ల బడిలో పనిచేసే ఆయా. "పాపా, పెద్దమేడం పాయ. ప్రార్థన చేసుకోని, కాఫీ తాగి, వసారాలో కుర్చీ మింద కూసోని కూసోనే పాయ" అంది. ఆ తర్వాత ఏడుపు తప్ప మాట వినపడలేదు. ఎర్రగుంట్లలో మా వంటింట్లో స్టవ్వు ఆపేశాను. ఇన్నేళ్ళలో ఆమెను ఎన్నో రకాలుగా చూశాను. ఆ నిమిషంలో మాత్రం సబ్బునీళ్ళలో నానిన ఆమె చేతులే గుర్తొచ్చాయి.

బేతంచెర్లలో చర్చివాళ్ళు నడిపే ఒక చిన్న బడికి ఆమె హెడ్‌మిస్ట్రెస్. ఊరందరికీ పెద్ద టీచరమ్మ, ఎదురుగా పిలిస్తే పెద్దమేడం. పిల్లల్లో ఎక్కువమంది నాపరాళ్ళ గనుల్లో, బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీల్లో కూలి చేసేవాళ్ళ పిల్లలు. ఫీజు నామమాత్రం. అది కూడా పనులు సాగిన నెలలోనే చేతికొచ్చేది. వానొస్తే తరగతి గదులు కురిసేవి, మన సీమలో వానలు తక్కువ కాబట్టి బడి నిలబడిందని ఆమే నవ్వేవారు. డిగ్రీ చదివి, కంప్యూటర్ కోర్సు చేసి, ఏ దారీ దొరక్క తిరుగుతున్న నన్ను పిలిచి ఉద్యోగం ఇచ్చింది ఆమే. చేరిన రోజు చూస్తే బడిలో ఒక్క కంప్యూటరూ లేదు. "నువ్వు ముందొచ్చినావు పాపా, అవి వెనక వస్తాయిలే" అన్నారు.

ఎప్పుడూ సన్నంచు తెల్లచీరే. చేతిలో ఒక వక్కపొడి డబ్బా. అందులో వక్కపొడి ఉండదు, టీచర్లు వాడి పారేసిన సుద్దముక్కలు ఉంటాయి. గోటికి అందినంత వరకు సుద్దను వదిలేవారు కాదు. ఇంకొకరి పెన్ను పట్టుకున్న పిల్లవాడు కనపడితే ఆగి, "అడిగినావా?" అనేవారు. అంతే, తిట్టూ లేదు, దెబ్బా లేదు. ఆ ఒక్క మాటకే పిల్లలు పెన్ను తిరిగిచ్చి, అడిగి, మళ్ళీ తీసుకునేవారు. స్టాఫ్ రూములో చక్కెర కోసం పక్క టీచరు డబ్బా మూత తీస్తే మాకూ అదే ప్రశ్న.

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ తన ఆఫీసులో పాత కంప్యూటర్లు తీసేస్తోందని నా ద్వారా తెలుసుకుని, ఆమె స్వయంగా వెళ్ళి బడికి అడిగి వచ్చారు. బండలు దింపి ఖాళీగా తిరిగొచ్చే లారీలో, గోనెపట్టాల మధ్య, అవి బేతంచెర్ల చేరాయి. ఫ్యాక్టరీ లెక్కలు బయటికి పోకూడదని లోపల ఉన్నదంతా తుడిచేసి ఇచ్చారు. సాఫ్ట్‌వేరు మళ్ళీ ఎక్కించడానికి కర్నూలు నుంచి ఇంజనీరును పిలిచాం.

అతను వచ్చే ముందు ఆదివారం నేను మా ఊరు వెళ్ళాను. చర్చి అయ్యాక ఆమె చీర ఎగదోపి, ఆయాను వెంటబెట్టుకుని శుభ్రానికి దిగారు. సిమెంటు దుమ్ము పెట్టెల మీద గట్టిపడి ఉంది. సబ్బునీళ్ళతో కడిగినంతగా తుడిచారు. పెట్టెల పక్కన మాసిపోయిన స్టిక్కర్లు కనపడితే పాత బ్లేడుతో గీకేశారు. ఇంకొకరింటి చీటీలు మనకెందుకు, పిల్లల కళ్ళకు కొత్తవాటి మాదిరి ఉండాలని ఆమె ఆశ. ఒక్క పెట్టె మీద మాత్రం స్టిక్కరు ఎంతకీ ఊడలేదట. పోనీలెమ్మని వదిలేశారు.

సోమవారం నేను వచ్చేసరికి మిషన్లు మెరుస్తున్నాయి. ఇంజనీరు కుర్రాడు ఒకదాన్ని పక్కకు తిప్పి చూశాడు. రెండోది చూశాడు.

"మేడం, ఈడ ఒక స్టిక్కరు ఉండాల. యాడ పోయింది?"

"దుమ్ము కొట్టుకోని ఉంటే గీకేస్తి నాయనా."

"అయ్యో మేడం! అదే లైసెన్సు. ఈ మిషన్లో సాఫ్ట్‌వేరు కొనిందే అని చెప్పేది అదొక్కటే. నంబరంతా దాని మిందనే ఉంటాది."

ఆయా బడి వెనక గుంత వైపు పరుగెత్తింది. అక్కడ చెత్త అప్పటికే కాలి బూడిదై ఉంది. ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే మా దగ్గర వేరే కాగితం ఏదీ లేదన్నారు. పెద్దమేడం ఒకటో తరగతి పిల్లల బెంచీ మీద కూలబడి ఏడ్చారు. "న్యాయంగా వచ్చినదాన్ని నా చేత్తోనే దొంగసొమ్ము చేస్తి గదా పాపా" అన్నారు. ఆమె కన్నీళ్ళు నేను చూడటం అదే మొదలు.

ఇంజనీరు మంచివాడు. సంచిలోంచి పెన్నుతో పేరు రాసి ఉన్న ఒక సీడీ తీశాడు. "ఏం కాదులే మేడం. లైసెన్సు ఉండింది నిజమే గదా. దీన్ని అన్నిట్లో ఎక్కిస్తా. అడిగేదెవరు?"

నిజం చెప్పొద్దూ, నాకూ అందులో తప్పేమీ కనపడలేదు. ఆమె కళ్ళు తుడుచుకున్నారు. "ఉండిందని నీకు తెలుసు, నాకు తెలుసు. పిల్లోళ్ళకు కనపడేది ఈ పెన్నుతో రాసిన సీడీనే గదప్పా. రేపు వాళ్ళల్లో ఒకడు పక్కోని పెన్ను తీసుకుంటే, అడిగినావా అని నేను ఏ మొగం పెట్టుకోని అడగల్ల?"

బడులకు తక్కువ ధరకు లైసెన్సులు ఇస్తారని తెలిసి విచారించాం. ఆ తక్కువ ధర కూడా మాకు ఎక్కువే. ఆ వేసవిలో పైకప్పు బాగు చేయడానికి దాచింది తీస్తే తప్ప కుదరదు. బడి కమిటీ కూర్చుంది. "ఊర్లో ఎవురు కొని వాడతాండారు మేడం? నెట్ సెంటర్లలో అన్నీ కాపీలే" అన్నాడొక పెద్దాయన. "వాళ్ళు బడి నడపడంలేదు గదప్పా" అన్నారీమె. చివరికి కమిటీ తేల్చింది: జూన్లో బడి తెరిచేనాటికి మిషన్లు నడవకపోతే ఆ గది ఇంకో తరగతికి, కంప్యూటర్ టీచరు ఇంటికి. బయటికి రాగానే ఆమె ఆ మాట నా దగ్గర దాచకుండా చెప్పారు. "నీ ఉద్యోగం నా బ్లేడు కింద పడింది పాపా. నేనే ఎత్తాల" అన్నారు.

స్టిక్కరు మిగిలిన ఒక్క మిషన్లో ఇంజనీరు అసలు సీడీతో సాఫ్ట్‌వేరు ఎక్కించి ఇచ్చాడు. బడి మొత్తానికి అదొక్కటే. పిల్లలకు వంతు వచ్చేసరికి గంట కొట్టేసేవారు. అప్పుడు ఆమె పాలిష్ ఫ్యాక్టరీలకు వెళ్ళి, అంచు విరిగి అమ్ముడుపోని నల్లబండల ముక్కలు అడిగి తెచ్చారు. వాటి మీద తెల్ల పెయింటుతో నాచేత కీబోర్డు గీయించారు. పొద్దున బండలు చల్లగా ఉన్నప్పుడు పిల్లలు వరండాలో బాసిపట్టు వేసుకుని కూర్చుని, చూడకుండా వేళ్ళు ఆడించేవారు. తమ నాన్నలు కోసిన బండలవి. ఆమె వరసల మధ్య తిరుగుతూ, "చూడకుండా కొట్టల్ల, కండ్లు నా మింద ఉండల్ల" అనేవారు. నేను మాత్రం ఆ బండలను చూసినప్పుడల్లా జూన్‌కు ఇంకెన్ని రోజులో లెక్కపెట్టుకునేదాన్ని.

ఎండలు ముదిరాక ఇంజనీరు మళ్ళీ వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. "సాఫ్ట్‌వేరులోనే ఇంకో రకం ఉండాది మేడం. తయారు చేసినోళ్ళే కాపీ చేసుకోండి, పంచుకోండి అని రాసి ఇచ్చినారు."

"ఊరికే ఎందుకిస్తారప్పా? యాడో మెలిక ఉంటాది."

అతన్ని స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, ఆ షరతులన్నీ ఇంగ్లీషులో చదివించి, ప్రతి వాక్యానికీ తెలుగు చెప్పించుకున్నారు. పాపం, కుర్రాడికి చెమటలు పట్టాయి. అంతా విని ఆమె అడిగింది ఒక్కటే: "అంటే మనం అడక్కముందే ఇచ్చినారు, అంతేనా?" అవునన్నాడు. "అట్లయితే ఎక్కించు నాయనా." ఆ సీడీ మీద కూడా పేరు పెన్నుతోనే రాసి ఉంది. అది చూసి ఎన్నాళ్ళకో నవ్వారు. జూన్లో మొదటిరోజు ప్రార్థనలో, మొన్న వద్దన్న సీడీకీ నేడు తెచ్చిన సీడీకీ తేడా ఏమిటో పిల్లలకు నాచేత చెప్పించాకే గది తాళం తీశారు. నా ఉద్యోగం నిలిచింది. తర్వాతి ఏళ్ళలో పైకప్పూ బాగుపడింది, బడి ధరకు లైసెన్సులూ ఒక్కొక్కటిగా వచ్చాయి.

ఆ మొదటిరోజు పిల్లలు కీలను బండను కొట్టినట్టు కొడుతుంటే ఇంజనీరు గుండె పట్టుకున్నాడు. వాళ్ళు మాత్రం కిందికి చూడలేదు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి చూశారు. లోపలికి రమ్మంటే రాలేదు. "నా చెయ్యి మంచిది కాదు పాపా, మిషన్ల కాడ" అన్నారు. నవ్వుతూ అన్నారనుకున్నాను. కానీ రిటైరయ్యే దాకా ఆమె ఒక్క కంప్యూటరునూ తాకలేదు. నేను పెళ్ళయి ఎర్రగుంట్ల వచ్చేశాక కూడా, ఎప్పుడు ఫోన్ చేసినా, "పిల్లోళ్ళు బాగా కొడతాండారంట" అనేవారు.

అంత్యక్రియలకు వెళ్ళాను. చర్చి వెనక చిన్న ఇల్లు. శవపెట్టెను సమాధుల దొడ్డికి మోసుకుపోయినవాళ్ళలో చాలామంది ఆ బండల మీద వేళ్ళు ఆడించినవాళ్ళే. మట్టి వేసి వచ్చాక వసారాలో కూర్చున్నాను. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు ఎత్తుపీట మీద ఒక నల్లబండ. అంచు విరిగింది. నేను గీసిన కీబోర్డే.

పెయింటు చాలావరకు పోయింది. పోయిన చోటల్లా అక్షరాలు సుద్దతో మళ్ళీ దిద్ది ఉన్నాయి. పక్కనే వక్కపొడి డబ్బా.

"ఇదేందమ్మా?" అని ఆమెతోనే ఉంటున్న చెల్లెల్ని అడిగాను.

"బడి నుంచి అడిగి తెచ్చుకునె. దినామూ పొద్దున ప్రార్థన అయినాక కూసోని కొట్టుకుంటా ఉండె. ఏం రాస్తాండావక్కా అంటే, నీకేం తెలుసు ఊరుకో అనేది. చెరిగిపోతే మళ్ళా దిద్దుకునేది. కండ్లు మూసుకోని కూడా కొడతా ఉండె."

అందరినీ "అడిగినావా" అని అడిగిన మనిషి, నేర్పమని నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే చేయి పట్టుకుని మిషన్ ముందు కూర్చోబెట్టేదాన్ని. ఆ దుఃఖం నాకు తీరేది కాదు.

పీట ముందు కింద కూర్చుని, పిల్లలకు నేర్పినట్టే, వేళ్ళు మధ్య వరస మీద పెట్టాను. బండ చల్లగా ఉంది. చేయి తీసి చూసుకుంటే వేళ్ళకు సుద్ద అంటుకుని ఉంది, ఆమె పోయిన పొద్దున దిద్దిందే. ఆ డబ్బాలోంచి ఒక ముక్క తీసుకుని, నా వేళ్ళ కింద చెరిగిన అక్షరాలను మళ్ళీ దిద్ది వచ్చాను.