కోటబొమ్మాళి బిల్లు

శ్రీకాకుళంలో ఒక హోల్‌సేల్ కిరాణా షాపులో నేను కంప్యూటర్లు చూసుకునేదాన్ని. మా యజమాని అక్కగారు కోటబొమ్మాళిలో రెండో షాపు నడిపేవారు. బిల్లుల ప్రోగ్రామ్ ఉన్న సర్వర్ మా దగ్గరుండేది. ఆవిడ అక్కడినుంచి ఇంటర్నెట్‌లో మా సర్వర్‌లోకి లాగినై బిల్లు కొట్టేవారు. ఆ బిల్లు మాత్రం మా ప్రింటర్‌లోంచి వచ్చేది.

వెంటనే ఫోన్ మోగేది.

"ఒరే తమ్ముడూ, పప్పు బస్తాలు ఆటోకెక్కించేసినాం. ఆ బిల్లు సదువు, రాసుకుంతాను."

బేరాలు ఆపుకుని యజమాని గట్టిగా చదివేవారు. అక్కడ ఆవిడ చేత్తో రాసేవారు.

"ఏటమ్మా, దీనికి మందు లేదా?" అని యజమాని నన్నడిగారొకరోజు.

ఉందన్నాను, ధీమాగా. కోటబొమ్మాళి వెళ్లి, అక్కడొక ప్రింటర్ పెట్టి, మోడెమ్‌కి వచ్చిన బిల్లు దానికి చేరేలా అమర్చాను. అక్కడి ఇంటర్నెట్ అడ్రస్ తెచ్చి మా సర్వర్‌లో రాశాను. బిల్లు అక్కడే పడింది. అందరం సంబరపడ్డాం. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. మోడెమ్ ఆగి వెలిగేసరికి అడ్రస్ మారిపోయింది.

"ఒసే పిల్లా, నీ బాగుసేత బాగున్నాది! ముందు తమ్ముడి కాడైనా పడేది. ఇప్పుడు ఎక్కడా పడదు," అన్నారు అక్కగారు.

సిగ్గేసింది, పట్టుదలా పెరిగింది. అడ్రస్ మారితే మారనీ, ఆవిడ లాగినైన ప్రతిసారీ అది నాకు తెలిస్తే చాలు. కానీ ఆవిడ లాగినై ఉన్న ఆ సెషన్‌లో ఏ కమాండ్ కొట్టినా సర్వర్ తన సొంత అడ్రసే చూపించేది.

ఒకరోజు క్యారేజీ విప్పి తింటుండగా తట్టింది. ఆవిడ కీ నొక్కగానే ఇక్కడి సర్వర్ పంపే అక్షరం అక్కడి తెరమీద కనిపిస్తోంది. ఎక్కడికి పంపాలో తెలియకుండా సర్వర్ ఎలా పంపుతుంది? తెలుసు దానికి. నేనే సరైన చోట వెతకలేదు.

చెయ్యి కడుక్కుని, ఆవిడ సెషన్ తాలూకు సెట్టింగులన్నీ తెరమీదకి తెప్పించాను. వరస మధ్యలో క్లయింట్, అంటే బయటినుంచి లాగినైన కంప్యూటర్, అన్న పేరు, దాని పక్కన ఒక అడ్రస్. వెంటనే అక్కగారికి ఫోన్ చేశాను.

"అమ్మా, మోడెమ్ ఆపి, మళ్లీ వేసి లాగినవ్వండి."

"మళ్లీనా? ఇక్కడ బేరాలు ఉన్నాయే!"

గొణుగుతూనే చేశారు. మళ్లీ చూశాను. మోడెమ్‌తో పాటే ఆ వరసలోనూ అడ్రస్ మారింది! లాగినవ్వగానే ఆ అడ్రస్ పట్టుకుని, బిల్లు అక్కడికే పంపేలా చిన్న స్క్రిప్ట్ రాశాను.

"ఇప్పుడు బిల్లు కొట్టండమ్మా."

మా ప్రింటర్ కదల్లేదు. ఫోన్‌లో కీచుమని చప్పుడు, ఆ వెంటనే అక్కగారి కేక.

"ఒరే తమ్ముడూ! వస్తన్నాదిరా, ఇక్కడే వస్తన్నాది!"

యజమాని తూకం వదిలేసి చప్పట్లు కొట్టారు. నేను కుర్చీలోంచి లేచి గెంతాను. సరుకు కొనడానికొచ్చినవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు.

మర్నాడు పాసింజర్‌ ఎక్కి కోటబొమ్మాళి వెళ్లాను. అక్కగారు నన్ను ప్రింటర్ పక్కనే స్టూలేసి కూర్చోబెట్టారు. పొద్దుటినుంచి భోజనాల వేళ దాకా వచ్చిన ప్రతి బిల్లూ నేనే చింపి, నా చేత్తోనే కొన్నవాళ్లకి ఇచ్చాను.